నాన్న సైన్యం ఫైలు

నాన్న సైన్యం ఫైలు దొరికితేనే సైనిక ఆసుపత్రిలో అమ్మకు గుండె ఆపరేషన్ చేస్తారు. ఏడు నెలలుగా కైరోలో తొక్కని ఆఫీసు గడప లేదు.

ఈ రోజు గుర్తింపు అడిగితే, గుమాస్తా బయూమీ ముందు నా మినహాయింపు కార్డు విసిరాను. ఒక్కగానొక్క కొడుకును సైన్యంలోకి లాక్కుపోకుండా ఇచ్చే కార్డు అది.

"మీదపడి కరవకురా, దొరికింది. దాక్కోవడంలో మీ నాన్న మొనగాడు," అంటూ దుమ్ము దులిపి ఫైలు తెరిచాడు.

సంతానం గడి దగ్గర అతని వేలు ఆగింది. లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"సూయెజ్‌లో మీ నాన్నకు ఇంకో పెళ్లాం ఉందని తెలుసా?"

"చచ్చినోడి మీద నిందలెందుకు ఉస్తాజ్?"

"కొడుకు కూడా ఉన్నాడు. నీకంటే రెండేళ్లు పెద్ద."

అమ్మ ఆపరేషన్ కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. నా కార్డు కోసం చెయ్యి చాచాను. దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"ఆసుపత్రిలో మీ అమ్మ దగ్గర ఉండడానికి ఇంకెవరైనా ఉన్నారా?"