కాకులు లేని పదోరోజు

ఆకాశం విరిగిపడిన ఏడాదే కాకులన్నీ చచ్చిపోయాయి. అప్పటినుంచి పిండం ముట్టేది రెక్కలు కాలి కిందపడ్డ గంధర్వులే.

అప్పలకొండ పదోరోజున ఆమె పిల్లలు సింహాద్రి, పైడమ్మ డాబా మీద విస్తరి వేసి దూరం జరిగారు. గంధర్వుడొకడు వచ్చి కూర్చున్నాడు గానీ ముద్ద ముట్టలేదు.

"అమ్మకేదో కోరిక మిగిలిపోనాది," అంది పైడమ్మ.

సింహాద్రి చేతులు జోడించాడు. చెల్లిని చూసుకుంటానన్నాడు. తాగుడు మానేస్తానన్నాడు. గంధర్వుడు మాత్రం పిట్టగోడ అవతలికే చూస్తున్నాడు. అక్కడ కూలిన వాటర్ ట్యాంకు కింద రాక్షసి ఉంది. అమ్మ దానికి రోజూ గంజి పోసేది. పదిరోజుల కిందట గంజి పోస్తుంటేనే అది ఆమెను చంపేసింది. ఎందుకో ఎవరికీ తెలియదు.

"ఆ మాట నాను సెప్పను," అన్నాడు సింహాద్రి రాక్షసి వైపు చూసి.

"సెప్పకపోతే అమ్మ ఇక్కడే తిరుగుతాది."

ఎండ నడినెత్తికెక్కింది. చివరికి పైడమ్మే చెప్పింది. "నీ గంజికుండ ఒగ్గెయ్యనమ్మా. దానికి రోజూ నానే పోత్తాను."

గంధర్వుడు సగం ముద్ద తిన్నాడు. మిగతా సగం గుప్పిట్లో పట్టుకుని గోడ దిగి, రాక్షసి నోటికి అందించాడు.

"అమ్మ తిన్నాదా, ఈలిద్దరే తిన్నారా?" అన్నాడు సింహాద్రి.

పైడమ్మకూ తెలియలేదు. గంజికుండ ఎత్తుకుని మెట్ల దగ్గర ఆగింది.

"అన్నా, అమ్మ దాని దగ్గరకెళ్లి పోసేదా, దూరంగా పెట్టి వచ్చేసేదా?"

ఇన్నేళ్లలో అమ్మ గంజి పోయడం సింహాద్రి ఒక్కరోజూ చూడలేదు.