పులిని చూసే అద్దాలు

“ఇదీ మసకే. ఇంకోటి తియ్యి దుర్గా,” అంటూ గవరయ్య నాలుగో బైనాక్యులర్ కూడా పక్కన పెట్టేశాడు.

ఖిదిర్‌పూర్‌లో ఓడరేవు డాకు దగ్గర పాత ఓడల సామాన్లు అమ్మే దుర్గారావు ఐదోది అందించాడు. “పులి వేటకెల్తన్నావేటి దాదా?”

“వేటే. తుపాకీ ఉండదు, కళ్ళతోనే. వచ్చే వారం సుందర్‌బన్ పడవెక్కుతన్నాం.”

“కళ్ళతోనా?” నారాయణమ్మ మొగుడి వంక చూసింది. “కంటాసుపత్రికి రమ్మంటే రెండుసార్లు ఎగ్గొట్టినావు. ఉండు, నాను రోడ్డవతల నిలబడి సైగ సేస్తాను. అదేటో సెప్పు, కొనేద్దాం.”

ఆమె రోడ్డు దాటి, రెండు చేతులూ బారచాపి అటూ ఇటూ ఊపింది.

గవరయ్య బైనాక్యులర్‌ని కళ్ళకి నొక్కుకుని, పెదాలు కదపకుండా అడిగాడు. “ఏటి సేస్తంది?”

“సేతులూపుతంది. బాగుంది, కొనెయ్యమంటంది,” గుసగుసలాడాడు దుర్గారావు.

నారాయణమ్మ తిరిగొచ్చింది. “ఏటన్నాను?”

“కొనెయ్యమన్నావు!”

“డాకులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపినోడివి. లోడు ఆపమన్న సైగ తెలీలేదా? పెళ్ళైన కొత్తలో నువ్వే కదా నాకు నేర్పినావు!”

గవరయ్య మెల్లగా బైనాక్యులర్ దించాడు. దుర్గారావు తన దుకాణం పైకప్పుని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

“పద, ఆసుపత్రికి.”

“మరి పులో?”

“నీకు పులి కనబడకపోతే పోనీ. పులికి నువ్వు కనబడతావు కదయ్యా!”