బెత్తం అప్పగింత

"ఆ బెత్తం ఇటిచ్చేయండి మాస్టారూ," అంటూ హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీదుగా అరచెయ్యి చాపింది.

లెక్కల మాస్టారికి ఒళ్లు మండిపోయింది. మిగతా టీచర్ల బెత్తాలన్నీ అప్పటికే మూలనున్న బకెట్లో తడిసిన గొడుగుల్లా నిలబడి ఉన్నాయి.

"పిల్లల్ని కొట్టకూడదని సర్కారు చెబితే సరేలే అనుకున్నా. నా దగ్గర చదువుకున్న నువ్వు కూడా చెబుతావా అమ్మాయ్? ఈ బెత్తమే లేకపోతే నీకు భిన్నాలొచ్చేవా అసలు?"

"భిన్నాలు మా అమ్మ నేర్పింది మాస్టారూ, రొట్టె తుంచి చూపించి."

"చాల్లే, చెప్పొచ్చావు! ఆ రోజుల్లో నిన్ను కొట్టాను కదా, ఏమైంది నీకు? నిక్షేపంలా ఉన్నావు."

"ఉన్నాను. ముందు అదివ్వండి. చిక్కుడు పాదుకి ఊతం కావాలని తోటమాలి నా ప్రాణం తీస్తున్నాడు."

మాస్టారికి కోపంలోనూ నవ్వొచ్చింది. "ఇన్నాళ్లూ పిల్లల్ని నిలబెట్టింది. ఇకమీదట చిక్కుడు తీగని నిలబెడుతుందన్నమాట!"

చంకలోంచి బెత్తం తీశాడు. బల్ల మీదున్న మంచినీళ్ల గ్లాసుకి తగులుతుందేమోనని కాస్త పైకెత్తాడు.

హెడ్‌మిస్ట్రెస్ గట్టిగా కళ్లు మూసుకుంది. చాపిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మరుక్షణమే కళ్లు తెరిచి, "పాత అలవాటు మాస్టారూ," అని నవ్వేసింది.

మాస్టారు నవ్వలేదు. ఆ అరచేతిలో బెత్తం పెట్టడానికి ఆయనకి చేతులు రాలేదు.

"చెయ్యి తీసెయ్ తల్లీ," అన్నాడు మెల్లగా. "తోటమాలికి నేనే ఇచ్చొస్తాను."