నత్తగారు, జల్లెడగారు

“మీ స్విచ్ దారి మార్చేలోపు మా తాతకి మళ్ళీ పళ్ళొస్తాయి, నత్తగారూ!” అంది ఆమె, బల్ల చరిచి.

“మీది గబుక్కున మారుస్తుంది సరే. సగం కబుర్లు పక్క తీగలో ఒలకబోస్తుందిగా, జల్లెడగారూ!” అన్నాడు అతను.

మీటింగ్ గదిలో మిగతా ఇంజనీర్లందరూ తలలు దించేసుకున్నారు. కొందరి భుజాలు వణుకుతున్నాయి. సోమవారమే వచ్చిన కొత్త మేనేజరుకి జాలేసింది. పాపం, ఎంత భయపడిపోతున్నారో!

చిప్‌లో ఆ స్విచ్‌లోకి రెండు తీగలు వస్తాయి, రెండు బయటికి పోతాయి. వచ్చిన సంకేతాల్ని అది తిన్నగానైనా పంపాలి, ఒకదాని దారిలోకి ఒకటి మార్చైనా పంపాలి. అలాంటివి వందలు కలిస్తే, అడిగినప్పుడల్లా దారులు మార్చుకునే పెద్ద వల తయారవుతుంది. ఆమె స్విచ్ మహా చురుకు, కానీ కారుతుంది. అతనిది చుట్టూ అడ్డుగోడలు ఉండడంతో చుక్క కారదు, కానీ బద్ధకం. ఇవాళ ఒక్కటే నెగ్గాలి. ఓడినవాళ్ళకి దూరపు శాఖకి బదిలీ.

“నేనీ ఊరు వదిలేది లేదు.”

“నేనసలే వదలను!”

కోపంగా ఊపుతున్న ఆమె కాళ్ళు మేనేజరు కంటపడ్డాయి. ఒక మేజోడు ఎర్రది, ఒకటి పచ్చది. పనిలో పడి ఒంటిమీద ధ్యాసే లేదు ఈ అమ్మాయికి, అనుకున్నాడు.

రెండు డిజైన్లూ తెరమీద పెట్టి, ఒకదానిమీదికి ఒకటి జరిపాడు. గభాల్న లేచి నిలబడ్డాడు.

“అరెరె! ఈవిడ స్విచ్ వెళ్ళి ఈయన అడ్డుగోడల మధ్య కూర్చుంటోంది! వెంట్రుకవాసి తేడా లేదు. ముందే మాట్లాడుకుని గీసినట్టుంది!”

“మేమా? మాట్లాడుకోవడమా?” ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

వెనకాల ఎవరికో పొలమారింది.

“రెండూ కలిపి ఒక్కటి చెయ్యండి. బదిలీ ఎవరికీ లేదు. ఇవాళ్టినుంచి ఇద్దరికీ ఒకటే టెస్టింగ్ గది.”

“ఈవిడతోనా సార్? ఒకే గదిలోనా?”

“రేపు పెళ్ళిళ్ళయితే తెలుస్తుంది బాబూ, సర్దుకుపోవడమంటే ఏంటో! నడవండి.”

మూతులు ముడుచుకుని వెళ్ళారు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టారు. తలుపు మూసుకుంది.

“నీ పచ్చ సాక్సు తీసుకుని, నా ఎర్రది ఇచ్చెయ్, శ్రీమతీ!”