దురదలో వాటా

కాలిన చోట కొత్త చర్మం వచ్చేటప్పుడు చచ్చే దురద పుడుతుంది. గోకితే ఆ లేత చర్మం చిట్లిపోతుంది. అందుకని ఆ దురదను ఇంట్లో ఇంకొకరు తీసుకోవడం అప్పటికి మామూలైపోయింది. ఇద్దరి చేతులకీ చెరో పట్టీ అంటిస్తే చాలు. ఎదురింటి వీరాస్వామి తన మావగారి దురద తీసుకుని ఆఫీసులో గీరుకుంటూ కూర్చునేవాడు.

"దురద ఎవరు తీసుకుంటారమ్మా?" అని నర్సు అడగ్గానే, "మొత్తం నాకే ఇచ్చెయ్యండి" అంది మంగతాయారు. చిక్కీల కోసం కాచిన బెల్లం పాకం చెల్లెలు భానుమతి చేతిమీద ఒలకబోసింది తనే మరి.

ఇరవై రోజులుగా ఆవిడకు నిలకడ లేదు. పల్లీలు చెరుగుతూ చెరుగుతూ లేచిపోతుంది, కూర్చున్నచోట కూర్చోదు. తన చెయ్యి ఎంత గోక్కున్నా లాభం లేదు; అవతల భానుమతి క్రీము రాసుకుంటేనే ఇవతల చల్లబడుతుంది. వెళ్ళి తనే రాయొచ్చు. కానీ ఆ చెయ్యి చూసే ధైర్యం లేక వంటింట్లోనే తచ్చాడుతుంది.

ఆ మధ్యాహ్నం దురద ఒక్కసారిగా ఎగబాకింది. పావుగంట ఓర్చుకుంది, అరగంట ఓర్చుకుంది. చివరికి పొయ్యి ఆపేసి, గరిటె పడేసి ముందుగదిలోకి పరుగెత్తింది. భానుమతి క్రీము డబ్బా ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా కూర్చుని ఉంది. మూత కూడా తియ్యలేదు.

"రాసుకోలేదేంటే? ప్రాణం తీసేస్తున్నావు!"

"రాసేసుకుంటే నువ్వు రావు కదక్కా," అంటూ భానుమతి చెయ్యి చాపింది.