నోరు పడిపోను

"రెండు మాత్రల పట్టీలూ చెక్కుచెదరలేదు! నెల రోజులుగా బీపీ మాత్ర ఒక్కటీ మింగలేదా?"

కూతురు అరిచింది. పొద్దుటి నుంచీ పని చేసీ చేసీ ఆమె గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. కళ్లు తిరిగి పడిన తల్లికి నుదుటి మీద కుట్లు వేయించి, ఇప్పుడే ఇంటికి తీసుకొచ్చింది.

"వెల్లుల్లి నీళ్లు తాగుతున్నాగా," అంది తల్లి. "ఫోన్లో చెప్పారు."

"ఫోన్లో ఎవరో వాగితే మానేస్తావా? రెక్కలు ముక్కలు చేసుకుని కొన్న మాత్రలమ్మా అవి! ఆ చెప్పినవాళ్ల నోరు పడిపోను!"

"అంత మాట అనకే, తగులుతుంది."

"తగలాలనే అంటున్నా! నాలుగు డబ్బుల కోసం జనం ప్రాణాలతో ఆడుకునే వెధవలు. ఏదీ, చూపించు!"

తల్లి భయంభయంగా ఫోన్ తెరిచింది. తెర మీద మనిషి లేడు, వెల్లుల్లి బొమ్మ ఉంది. వెనక ఓ ఆడగొంతు తియ్యగా చెబుతోంది. "అమ్మలూ, ఈ రోజే మాత్రలు అవతల పారేయండి..."

ఆ గొంతు కూతురిదే. వీడియోకి ఇంత అని ఇస్తామంటే, బయటి చప్పుడు పడకుండా బీరువాలో తలదూర్చి, రోజుకు పది కాగితాలు చదివి, రికార్డు చేసి పంపడమే ఆమె పని. వాటిలో ఇదొకటి. ఏం చదువుతోందో కూడా పట్టించుకోలేదు. ఆ డబ్బుతోనే ఈ రెండు పట్టీలూ కొంది.

"దారినపోయేవాళ్లు చెబితే నమ్మేదాన్నా?" అంది తల్లి. "నువ్వు చెప్పావని మానేశాను."