వాక్యం చదివి పెట్టే మనిషి

ఆరాధన మొదలవబోతుండగా బిషప్పుగారు ఆరోజు చదవాల్సిన వాక్యభాగం మార్చేశారు.

ఆ మాట చెవిన పడగానే ఆపరేటరమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైన ఆమెను సంఘంలో అందరూ అలాగే పిలుస్తారు. చర్చి పక్కగదిలో పాస్టరుగారికి పాత వాక్యం చదివి వినిపించి, ఆమె అప్పుడే ఇవతలికి వచ్చింది. ఇప్పుడదంతా వృథా. పాస్టరుగారికి అక్షరాలు కనిపించవన్న సంగతి ఆమె ఎవరికీ పొక్కనివ్వలేదు. ఈ వయసులో ఆయన సంఘాన్ని నడపగలరో లేదో చూసి పోవడానికే బిషప్పుగారు వచ్చారు మరి.

ఆపరేటరమ్మ కుటుంబానికి పాస్టరుగారంటే ఇంటి పెద్దదిక్కు. ఆమె పెళ్లి చేసిందీ, కూతురికి బాప్తిస్మం ఇచ్చిందీ ఆయనే. ఆమె భర్తది బండగొంతు. అందరూ వద్దంటున్నా ఆయన్ని క్వయర్‌లో వెనక వరుసలో నిలబెట్టిందీ పాస్టరుగారే. ఆ గొంతు లేచినప్పుడల్లా రెండో బెంచీలో తల్లీకూతుళ్లు నవ్వాపుకోలేక తలలు దించుకునేవారు. ఎంత భక్తో అని పక్కవాళ్లు మెచ్చుకునేవారు.

భర్త పోయాక ఆమె చర్చి గడప తొక్కలేదు. తలుపులు వేసుకుని కూర్చుంది. దూరాన ఉన్న కూతురు ఫోన్ చేస్తే ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడి పెట్టేసేది. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం పాస్టరుగారు నల్లకళ్లద్దాలతో, మెట్లు మెల్లగా ఎక్కి వచ్చారు. ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. చేతిలోని గ్రంథం ఆమె ముందు పెట్టారు.

"ఆదివారం వాక్యం కాస్త చదివి పెడతావా అమ్మా?"

ఆమెకు విషయం అర్థమైంది. తరచి అడిగి పెద్దాయన్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక, అద్దాలు తుడుచుకుని చదివింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అందరికంటే ముందే చర్చికి రావడం మొదలైంది. తను చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవారు. విన్నది పొల్లుపోకుండా వేదిక మీద చెప్పేవారు. ఎంత ధారణ అనుకునేదామె.

ఇవాళ ఆ ధారణకు ఆధారమేదీ? ఆమె ఆగలేక బిషప్పుగారి దగ్గరికి వెళ్లి, వాక్యం తాను చదువుతానంది. పాస్టరుగారు చదివితేనే అందం అన్నారాయన. పక్కనే ఉన్న పాస్టరుగారు అది విని వేదికెక్కారు.

కొత్త భాగంలో అన్నీ నోరు తిరగని పాతకాలపు పేర్లే. పాస్టరుగారు గ్రంథం తెరిచారు. ఆపరేటరమ్మ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. ఆయన గొంతు సవరించుకుని, ఒక్క పేరు దగ్గరా తడబడకుండా చివరిదాకా వెళ్లారు.

ఆరాధన అయ్యాక బిషప్పుగారు ఆయన చెయ్యి పట్టుకుని, మరికొన్నాళ్లు సంఘాన్ని మీరే చూసుకోవాలన్నారు. ఆపరేటరమ్మకు భయం మాత్రం తగ్గలేదు. ఇలాంటి గండం మళ్లీ వస్తే? తానొక్కతే ఎన్నాళ్లని కాచుకుంటుంది? పాటల పుస్తకాలు సర్దుతున్న పాస్టరుగారి భార్య పాస్టరమ్మగారిని పక్కకు పిలిచింది.

"అమ్మగారూ, ఇన్నాళ్లూ మీ దగ్గర కూడా దాచాను. అయ్యగారికి అక్షరం ఆనదు. ఇవాళ మొత్తం కంఠతా అప్పజెప్పారు."

పాస్టరమ్మగారు చేతిలో పుస్తకాలు పక్కన పెట్టి, ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టారు.

"నీకు చెప్పొద్దని ఆయన నా చేత మాట తీసుకున్నారు. నీ కంగారు చూడలేకపోతున్నాను."

ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

"కళ్లకు ఆపరేషనై చూపు వచ్చాకే ఆయన మీ ఇంటికి వచ్చారమ్మా."